హంతకుడెవరో ఆటగాడే తేల్చాలా?

ప్రశ్న: హత్య కేసుల వీడియో గేముల్లో కొన్నిట నేను ఎవరి మీద నేరం మోపినా కథ సాగిపోతోంది. అసలు హంతకుడెవరో ఆట చెప్పనప్పుడు అది అపరాధ పరిశోధన ఎలా అవుతుంది?
– ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా

జవాబు: మీ అనుమానం సబబైనదే గాని, అన్ని ఆటలనూ ఒకే గాటన కట్టలేము. 2018లో వచ్చిన ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’లో ఓడలోని 60 మంది గతి ముందే నిర్ణయమై ఉంటుంది, ముగ్గురు ఎవరెవరో, ఏమయ్యారో సరిగ్గా రాస్తే తప్ప ఆట వాటిని ఖాయం చేయదు కనుక గుడ్డి ఊహలతో నెట్టుకురావడం కష్టం.

2022 నాటి ‘పెంటిమెంట్’ దారి వేరు. 16వ శతాబ్దపు బవేరియాలో (నేటి జర్మనీలోని ప్రాంతం) నడిచే ఆ కథలో విచారణకు గడువు తక్కువ. ఒకరి ఇంట భోజనానికి కూర్చుంటే మరొకరి మాట వినే వేళ దాటిపోతుంది. చివరకు మీరు వేలెత్తి చూపిన మనిషికి మరణశిక్ష పడుతుంది, హంతకుడు ఆ మనిషేనని మాత్రం ఆట ఎన్నడూ ధ్రువీకరించదు. ఏళ్లు గడిచి మళ్లీ ఆ ఊళ్లో అడుగుపెట్టినప్పుడు, మన పల్లెల్లో పాత తగాదా తీర్పును తవ్వుకున్నట్టే, అక్కడివారు ఆ శిక్షను మరచిపోరు. అక్కడ పరిశోధన మీ తీర్పు మీదనే జరుగుతోందని నా అభిప్రాయం. ఎవరిని ఎంచినా ఏ మార్పూ లేకుండా ఒకే ముగింపుకు చేర్చే గేముల విషయంలో మాత్రం మీ ఫిర్యాదు పూర్తిగా చెల్లుతుంది.