60 శాతం తగ్గింపు, ఇంటికొచ్చేసరికి 34

ప్రశ్న: అద్దె ఇంట్లోకి మారి నాలుగు నెలలైంది. ఇల్లు కళగా ఉండాలని వారం వారం డిస్కౌంట్ స్టోర్‌కి వెళ్తున్నాను. 60 శాతం తగ్గింపు ఉంటే తప్ప ఏదీ కొనలేదు. ఇప్పటికి 23 వస్తువులయ్యాయి, వాటిలో 9 ఇంకా కవర్లలోనే ఉన్నాయి. అయినా హాలు బోసిగానే కనిపిస్తోంది. మా ఆయనైతే గోడౌన్‌లా ఉందంటున్నారు. క్రెడిట్ కార్డు బాకీ ఈ నెలా పూర్తిగా కట్టలేకపోయాను. ఇంత చవకగా కొంటున్నా డబ్బు ఎందుకు నిలవడం లేదు? అసలు అలంకరణకు ఎంత పెట్టుకోవచ్చు?

జవాబు: అంకెలతో సహా రాశారు కాబట్టి ముందు ఆ లెక్కే చూద్దాం. ఒక్కో వస్తువు అసలు ధర 100 అనుకుంటే మీరిచ్చింది 40. 23 వస్తువులకు 920. వాడుకలో ఉన్నవి 14 మాత్రమే. అంటే వాడుతున్న ఒక్కోదానికి మీకు పడింది దాదాపు 66. మీ 60 శాతం తగ్గింపు కాస్తా 34 శాతం అయింది. ఆపైన కార్డు ఉంది. నెలకు 3 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 36 దగ్గర ఆగదు, వడ్డీ మీద వడ్డీ కలిసి 42 శాతం దాటుతుంది. బాకీ ఏడాది పాటు అలాగే ఉంటే ఆ 66 కాస్తా 94 అవుతుంది. ఏ తగ్గింపూ లేకుండా ఆ 14 మాత్రమే కొనుక్కున్నా ఇంచుమించు ఇంతే అయ్యేది. మీ కార్డు అసలు రేటు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, ఓసారి చూడండి.

ఆ 100 కూడా దుకాణం వాళ్లు రాసిన అంకే. డిస్కౌంట్ స్టోర్‌కి సరుకు రకరకాలుగా వస్తుంది. పెద్ద దుకాణాల్లో అమ్ముడుపోక మిగిలినది, పోయిన సీజన్‌ది, డబ్బా నలిగినది, రద్దయిన ఆర్డర్ తాలూకుది, చిన్న లోపం ఉన్నది. వీటిలో నిజంగానే మంచి బేరాలు దొరుకుతాయి. వీటితో పాటు, తక్కువ ధరకు అమ్మడానికే నాసిగా తయారుచేయించిన సరుకూ ఉంటుంది. దాని మీద కొట్టేసిన ధర ఎన్నడూ ఎవరూ ఇచ్చి ఉండకపోవచ్చు. అందుకే ట్యాగ్ చూడొద్దు, వస్తువును తిరగేసి చూడండి.

ఈ పాఠం నేనూ డబ్బు పోసే నేర్చుకున్నాను. సగం ధరకు వస్తోందని ఓ పుస్తకాల షెల్ఫ్ కొన్నాను. పైకి టేకులా నిగనిగలాడుతోంది. రోజూ తడిగుడ్డతో నేల తుడుస్తుంటే ఏడాది తిరక్కుండానే కింది అంచు ఉబ్బి, పైపొర లేచి, లోపలి రంపపుపొట్టు రాలింది. పార్టికల్ బోర్డుకి నీళ్లంటే పడదు. షాపులోనే ఒంగి కింది అంచు చూసి ఉంటే తెలిసేది, పొట్టు అతికించిన గరుకుదనం అక్కడ కనబడుతూనే ఉంది.

మిగతావాటికీ ఇలాంటి చిన్న పరీక్షలున్నాయి. పింగాణీ కూజాను వేలిగోటితో కొట్టండి: ఖంగుమంటే బాగున్నట్టు, డబ్ అని మొద్దుగా పలికితే ఎక్కడో పగులు ఉన్నట్టు. అద్దంలో తిన్నటి గీతను, ట్యూబ్‌లైటో తలుపు అంచో, చూస్తూ పక్కకు కదలండి. గీత అలలా వంగితే వదిలేయండి. కర్టెన్ గుడ్డను దీపానికి ఎదురుగా పట్టి నేత ఎంత ఒత్తుగా ఉందో చూడండి. కాటన్‌దైతే ఉతికాక కుదించుకుపోతుందని కాస్త పొడవుగా తీసుకోండి. అలంకరణకని అమ్మే పింగాణీ గిన్నెల్లో మాత్రం తినే పదార్థాలు పెట్టొద్దు, కొన్ని మెరుగుపూతల్లో సీసం ఉంటుంది.

ఇక హాలు బోసిగా ఉండడం. చౌకలో దొరికేవన్నీ చిన్న వస్తువులు: కొవ్వొత్తి స్టాండ్లు, బొమ్మలు, అరచేతిలో పట్టే ఫ్రేములు. అవి 23 ఉన్నా గోడ ఖాళీగానే ఉంటుంది, బల్ల మాత్రం నిండిపోతుంది. మీ ఆయన గోడౌన్ అన్నది దీన్నే అయి ఉంటుంది. కంటికి నిండుగా కనిపించేవి మూడు నాలుగే: నేల మీద తివాచీ, కిటికీ గుడ్డలు, గోడ మీద ఒక పెద్ద చిత్రమో అద్దమో, వెలుగు. తివాచీ సోఫా ముందరి కాళ్ల కిందికైనా వెళ్లాలి, లేకపోతే నట్టింట తేలుతున్నట్టుంటుంది. సోఫా పైన చిత్రం వెడల్పు సోఫాలో మూడింట రెండొంతులుంటే బాగుంటుంది. ఖాళీ గోడ మీదైతే చిత్రం మధ్యభాగం నేల నుంచి 145-150 సెంటీమీటర్ల ఎత్తులో వచ్చేలా వేలాడదీయండి. చాలామంది దాన్ని మరీ పైకి కొట్టేస్తారు. కర్టెన్ల మొత్తం వెడల్పు కిటికీకి ఒకటిన్నర నుంచి రెండింతలు ఉంటే కుచ్చిళ్లు నిండుగా పడతాయి. అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యేది బల్బులు మార్చడం. 2700 కెల్విన్ అని రాసి ఉన్న, అంటే పసుపు ఛాయ వెలుగిచ్చే ఎల్‌ఈడీలు గదంతా ఒకేలా పెట్టండి, ఉన్న సామాన్లే కొత్తగా కనిపిస్తాయి.

ఎంత పెట్టుకోవచ్చన్నారు. ఆదాయంలో ఇంత శాతమని చెప్పడం నాకు ఇష్టం ఉండదు. వరుస మాత్రం చెప్తాను. ముందు కార్డు బాకీ తీరాలి, అప్పటిదాకా స్టోర్ వైపు వెళ్లొద్దు. తర్వాత మూడు నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చు అత్యవసర నిధిగా పక్కన ఉండాలి. అది ఉన్నాక, ఏడాదికి అలంకరణకు ఎంతో మీ ఇద్దరూ అనుకుని దాన్ని 12 భాగాలు చేసి నెలనెలా విడి ఖాతాలో వేయండి. ఒక నెల ఏమీ కొనకపోతే ఆ డబ్బు వచ్చే నెలకు కలుస్తుంది. తివాచీ లాంటి పెద్ద వస్తువు అలాగే కొనుక్కోవాలి. అద్దె ఇల్లు కాబట్టి ఎక్కువ భాగం మీతో వచ్చేవాటికే పెట్టండి: తివాచీ, దీపాలు, అద్దం. ఈ కిటికీకని ప్రత్యేకంగా కుట్టించిన కర్టెన్ రేపు మరో ఇంటి కిటికీకి పనికిరాకపోవచ్చు.

ఈ వారంలో చేయాల్సిన పని మరోటి ఉంది. ఆ 9 కవర్లకూ బిల్లులు వెతకండి. వాపసు గడువు దాటనివి, ట్యాగ్ తెగనివి ఉంటే తిరిగి ఇచ్చేయండి. క్లియరెన్స్‌లో కొన్నవాటిని చాలా చోట్ల వెనక్కి తీసుకోరు, బిల్లు మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. డబ్బు బదులు స్టోర్ క్రెడిట్, అంటే ఆ దుకాణంలోనే మళ్లీ కొనుక్కోవడానికి పనికొచ్చే జమ, ఇస్తామంటే, అది కార్డు బాకీకి పనికిరాదు కదా, కార్డుకే తిరిగి జమ చేయమని ముందుగా అడిగి చూడండి.