ముప్పై మిల్లీమీటర్లు

తమ్ముడూ,

లంచం తిన్న ఇంజనీరు మీద నువ్వు రాసిన కథ చదివాను. అందులో నాన్న ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కుళాయి కింద చేతులు కడుక్కోవడం బాగుంది. మెప్పు అంతే.

"కవరు అందుకుంటుంటే ఆయన చెయ్యి వణికింది" అన్నావు చూడు, అక్కడ ఒళ్లు మండింది. పంచాయతీరాజ్ ఏఈ, అదే అసిస్టెంట్ ఇంజనీరు, చెయ్యి కవరు దగ్గర వణకదయ్యా. వణికితే బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకం, అదే ఎం.బుక్, దగ్గర వణకాలి. ఆ పుస్తకం నీ కథలో లేనేలేదు.

లెక్క చూడు. ఊళ్లో సీసీ రోడ్డు, 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల మందం. 45 క్యూబిక్ మీటర్లు. సగటున 120 మందమే పోస్తే 36. మిగిలిన తొమ్మిదికి, సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో క్యూబిక్ మీటరుకు ఎనిమిదేసి బస్తాల చొప్పున, 72 బస్తాల సిమెంటు మిగులు. ఇసుక, కంకర వేరే. పక్కల షట్టరింగ్ పూర్తి ఎత్తుకే పెడతారు, నడిమధ్య గ్రావెల్ ఎత్తుగా వదిలేస్తారు. అంచున టేపు పెడితే అంతా సక్రమమే. మధ్యలో కాంక్రీటును తొలిచి ముక్క తీసే కోర్ కట్టర్ దించితే తప్ప బయటపడదు.

ఇక రాత్రి బల్ల దగ్గర ఎం.బుక్ తెరుస్తాడు. పేజీలకు ముందే నంబర్లు పడి ఉంటాయి, చింపడానికి లేదు. ఇంకుతోనే రాయాలి. తప్పు పడితే చెరపకూడదు, కొట్టేసి పక్కన సరైన అంకె వేసి పొట్టి సంతకం చేయాలి. మందం 0.12 మీటర్లని రాస్తే బిల్లులో ఐదో వంతు పోతుంది. సర్పంచ్ ఫోన్ చేస్తాడు, తర్వాత చెక్ మెజర్‌మెంట్ చేసి ఆ కొలతలు సరిచూడాల్సిన పైఅధికారి డీఈఈ చేస్తాడు. మూడో ఫోన్ రాకముందే 0.15 పడుతుంది. నీ కథ ఆ గడిలో ఉంది. పక్కన పిల్లాడు హోంవర్కు చేస్తున్నాడని మాత్రం రాయకు. రాస్తావని నాకు తెలుసు.

చివరి కన్నీళ్లు ఎవరు పెట్టమన్నారో కూడా తెలుసు. పశ్చాత్తాపం లేనిదే అచ్చు వేయని సంపాదకుల కాలం పోయిందనుకున్నాను. ఇప్పుడు వర్క్‌షాపుల్లో దాన్నే 'ఆర్క్', అంటే పాత్ర మారే తీరు, అంటున్నారట. ఎం.బుక్‌లో ఆ కాలమ్ లేదు.

ఇంకొకటి. రిటైరై ఆరేళ్లయిన మనిషికి, పన్నెండేళ్ల కిందటి రోడ్డు మీద శాఖ కొత్తగా ఛార్జి మెమో ఇచ్చిందని రాశావు. 1980 నాటి ఆంధ్రప్రదేశ్ రివైజ్డ్ పెన్షన్ రూల్స్‌లో 9వ రూలు చూడు. సర్వీసులో ఉండగా మొదలవని శాఖాపరమైన విచారణను, జరిగి నాలుగేళ్లు దాటిన సంగతి మీద రిటైరయ్యాక మొదలుపెట్టడానికి వీల్లేదు. ఆ మెమో తీసెయ్. ఇక ఆయన్ని అడిగేవాడు లేడు, పెన్షన్ నెలనెలా పడుతుంది.

ఇప్పుడు ఆయన్ని ఆ రోడ్డు మీద నడిపించు. వడ్ల లోడుతో ట్రాక్టరు మలుపు తిరిగే చోట ముందు పగులుతుంది. చైనేజీ, అంటే రోడ్డు మొదలు నుంచి కొలిచే దూరం, నలభై మీటర్లకీ అరవైకీ మధ్య ఎక్కడో, తల దించకుండానే ఆయన చెప్పగలడు.

పోటీల సంగతి, కలంపేరు సంగతి అడిగావు. ముందు ఇది తిరగరాసి పంపు.