నైట్స్‌లో డీ గ్రేడే వస్తోందా? వెంటనే వెనక్కి వెళ్లకండి

నైట్స్ ఇన్‌టు డ్రీమ్స్ వీడియో గేమ్‌లో క్లారిస్ అనే పాత్ర కలలు (ఈ ఆటలో లెవెల్స్‌ని కలలంటారు) మూడూ పూర్తి చేసినా డీ గ్రేడే వస్తోందని, చివరి కల ట్విన్ సీడ్స్ తెరుచుకోవడం లేదని మీరు రాశారు. పూర్తి చేస్తే చాలదండీ, మూడింటిలోనూ కనీసం సీ గ్రేడ్ రావాలి.

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, దారిలో ఏరుకున్న ఇరవై నీలి చిప్స్ ఇచ్చి, బందీగా ఉన్న ఇదేయాను (మెరిసే గోళం) విడిపించగానే, దారి మొదలైన చోట ఉండే ప్యాలెస్‌కి వెళ్లిపోతున్నారు. మార్కులు పోయేది అక్కడే. గడియారంలో టైమ్ ఉన్నంతసేపు అదే దారిలో మళ్లీ మళ్లీ తిరగండి. రింగులు, చిప్స్ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా అందుకుంటే లింక్ పెరుగుతూ పోతుంది, స్కోరు కూడా. మధ్యలో ఒక్క క్షణం తడబడినా లింక్ తెగిపోతుంది, అందుకే ముందు దారి బాగా గుర్తుపెట్టుకోండి. గుంపుగా ఉన్న చిప్స్ చుట్టూ గాలిలో సున్నా చుడితే అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. టైమ్ అయిపోయేలోపు మాత్రం ప్యాలెస్ చేరాలి, లేదంటే ఎగరడం పోయి నడకే.

కల చివర ఎదురయ్యే బాస్‌ని (పెద్ద శత్రువుని) ఎంత త్వరగా ఓడిస్తే స్కోరుకు అంత పెద్ద గుణకం.

1996లో సెగా సాటర్న్ గేమ్ కన్సోల్ మీద వచ్చిన ఈ ఆట చిన్నదని చాలామంది అంటారు. నాకైతే ఒకే దారిని పదోసారి ఎగిరినప్పుడే దీని అసలు అందం తెలిసింది.