డిక్కీలో సబ్‌వూఫర్ బర్రుమంటోంది, అంచు పగిలింది. ఇంట్లో బాగుచేసుకోవచ్చా?

మీ పది అంగుళాల వూఫర్ చుట్టూ ఉన్న ఫోమ్ పగిలిందని, బేస్ పడినప్పుడల్లా బర్రుమంటోందని, షాపులో చూపిస్తే కొత్తది వేసుకోమన్నారని రాశారు. ఫోమ్ పోయినంత మాత్రాన వూఫర్ పోయినట్టు కాదు. లోపలి వాయిస్ కాయిల్, అంటే కోన్‌ని ఊపే సన్నటి తీగ చుట్ట, బాగుందా లేదా అన్నది తేల్చుకోవాలి. (కోన్ అంటే వూఫర్‌లో ముందుకీ వెనక్కీ ఊగే గరాటు లాంటి భాగం.) అది బాగుంటే మిగతాదంతా జిగురు పనే. మా పాత కారులో వూఫర్‌కి నేనే ఇంట్లో ఫోమ్ మార్చాను, బాగానే మోగుతోంది.

స్క్రూలు విప్పే ముందు ఒక పని చేయండి. పాట పెట్టి, ఇంకొకరితో డిక్కీ మూత, నంబర్ ప్లేటు గట్టిగా అదిమి పట్టించండి. చాలాసార్లు నేరం నంబర్ ప్లేటుది, తిట్లు వూఫర్‌కి.

ఇప్పుడు ఆంప్లిఫయర్ ఫ్యూజు తీసేసి, వూఫర్ బయటికి లాగండి. ఏ వైరు ప్లస్సుకి ఉందో ఫోన్లో ఫొటో తీసుకోండి. వైర్లు రెండూ ఊడదీశాకే మల్టీమీటర్‌ని 200 ఓంల దగ్గర పెట్టి కొలవండి. 4 ఓంల కాయిల్ అయితే సుమారు 3.2 నుంచి 3.8 దాకా చూపిస్తుంది, అది మామూలే. డ్యూయల్ కాయిల్, అంటే ఒకే వూఫర్‌లో రెండు కాయిల్స్ ఉన్నదైతే, రెండూ విడివిడిగా చూడండి. దాదాపు సున్నా చూపిస్తే కాయిల్ షార్టయింది, దాన్ని మళ్లీ ఆంప్‌కి తగిలించారంటే ఆంప్ కూడా పోతుంది. అసలేమీ చూపించకపోతే వెంటనే ఆశ వదులుకోకండి. టెర్మినల్ నుంచి కోన్‌కి వెళ్లే జడలాంటి మెత్తటి వైరు ఉంటుంది, మీటర్ పెట్టి ఉంచే దాన్ని కదిలించండి. రీడింగ్ వచ్చిపోతుంటే కాయిల్ బాగానే ఉంది, ఆ వైరే తెగింది. అలాంటి మెత్తటి వైరే కొని టంకం వేస్తే సరిపోతుంది. మామూలు వైరు వేస్తే ఊగి ఊగి మళ్లీ తెగుతుంది.

తర్వాత రెండు చేతుల వేళ్లూ కోన్ మీద సమానంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి. గరగర లేకుండా, మాడు వాసన రాకుండా ఉంటే ఇంట్లో ధైర్యంగా చేయొచ్చు. మాడు వాసన కొడితే కాయిల్ మార్చాల్సిందే. ఆ పని నేను ఇంట్లో చేయను, చేయమనీ చెప్పను. స్పీకర్లకు కాయిల్ కట్టే మెకానిక్‌కి ఇచ్చేయండి.

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఫోమ్ రింగు అడిగేటప్పుడు "పది అంగుళాలది" అంటే చాలదు. వూఫర్ చేత్తో పట్టుకెళ్లండి, లేదా రింగు అతికే చోట కోన్ వెడల్పు, ఫ్రేమ్ వెడల్పు రెండూ కొలిచి వెళ్లండి. పాత ఫోమ్ వేలు తగిలితే పొడిపొడిగా రాలుతుంది గానీ, దాని కింద జిగురు మాత్రం మొండిగా అంటుకుని ఉంటుంది. నాకు ఎక్కువ టైమ్ పట్టింది దాన్ని గీకడానికే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో కొద్దికొద్దిగా తడుపుతూ మొద్దు కత్తితో గీకాను. స్క్రూడ్రైవర్ దగ్గర పెట్టుకోకండి. అయస్కాంతం లాగిందంటే కోన్‌లోంచి దూసుకుపోతుంది.

అసలు టెన్షన్ కోన్‌ని సరిగ్గా మధ్యలో నిలబెట్టడం దగ్గరే. మధ్యలో ఉన్న డస్ట్ క్యాప్‌ని బ్లేడుతో జాగ్రత్తగా కోసి తీస్తే కింద కాయిల్, దాని లోపల ఇనుప గుండు కనిపిస్తాయి. ఆ రెంటి మధ్య సందులో పాత ఎక్స్‌రే ఫిల్మ్ నుంచి కత్తిరించిన సన్నటి పట్టీలు నాలుగు వైపులా సమానంగా దూర్చాను. ముందు రింగుని కోన్‌కి అతికించి ఆరనివ్వాలి, ఆ తర్వాతే ఫ్రేమ్‌కి. ఫోమ్ రింగుకి తెల్ల జిగురు మంచిది, ఆరేలోపు అటూ ఇటూ జరుపుకోవచ్చు. బూట్లకు వాడే పసుపు జిగురు తగలగానే పట్టేస్తుంది, సర్దుకునే వీలుండదు. ఫెవిక్విక్ అసలే వద్దు, గట్టిపడి పెళుసుగా పగులుతుంది. పూర్తిగా ఒక రోజు ఆరనిచ్చి, పట్టీలు లాగేసి మళ్లీ నొక్కి చూడండి. గరగర లేకపోతేనే కొత్త డస్ట్ క్యాప్ అతికించండి.

ఫోమ్ వయసు మీద పడితే ఎలాగూ పొడిపొడి అవుతుంది, మన మే నెల ఎండలో రోజంతా బయట పెట్టిన కారులో ఇంకా తొందరగా. కాయిల్ మాడటం మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది. ఆంప్ గెయిన్ అంటే స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టే నాబ్, దాన్ని వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేస్తారు. స్టీరియో బేస్ బూస్ట్ ఆపేసి, వాల్యూమ్ ముప్పావు దగ్గర పెట్టి, గెయిన్‌ని కింది నుంచి మెల్లగా పెంచండి. శబ్దం చిట్లడం మొదలవగానే కొంచెం వెనక్కి తగ్గించి వదిలేయండి. బాక్సుకి గొట్టం ఉన్నదైతే ఆంప్‌లో సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ లోతైన శబ్దాలను వూఫర్ దాకా పోనివ్వనిది) ఆన్ చేసి ఉంచండి. మొదట్లో కొన్నాళ్లు చిన్న సౌండులోనే వినండి.

ముందైతే మీటర్ రీడింగ్ ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి. మీది ఒక కాయిలా, డ్యూయలా అన్నది కూడా చెప్తే కనెక్షన్ ఎలా ఇవ్వాలో చెప్తాను.