పాలిమర్ పోగుల మీద మనసుపడిన అమ్మాయికి దారేది?

ప్రశ్న: మా అమ్మాయి బీ ఫార్మసీ మూడో సంవత్సరం. ఎలక్ట్రోస్పిన్నింగ్ పోగులతో పెద్దపేగుకు మందు చేర్చడంపై సెమినార్ ఇచ్చినప్పటి నుంచి పరిశోధనే చేస్తానంటోంది. దీన్ని నమ్ముకుంటే ఉద్యోగం వస్తుందా?
- ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, మీ అమ్మాయి మంచి విషయమే పట్టుకుంది. ఎలక్ట్రోస్పిన్నింగ్ అంటే ఇదీ: సిరంజి సూది కొసన నిలిచిన పాలిమర్ (పొడవాటి గొలుసు అణువుల పదార్థం) ద్రావణం బొట్టుకు 10 నుంచి 30 కిలోవోల్టుల విద్యుత్తు ఇస్తే, అది శంకువులా సాగి మొన నుంచి కంటికి ఆనని పోగు తీస్తుంది. జానెడు దూరంలోని రేకును చేరేలోపే ద్రావకం ఆరిపోతుంది. కాసేపటికి రేకు మీద సాలెగూడు లాంటి తెల్లటి పొర. మందు ఆ పోగుల్లోనే ఉంటుంది.

పెద్దపేగు పుండ్లకు ఇచ్చే మెసలమిన్ దారిలోనే రక్తంలో కలిసిపోతే పుండుకు అందేది కొంచెమే. అందుకే పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 దాటితేనే కరిగే యూడ్రజిట్ ఎస్-100 అనే పాలిమర్ వాడతారు. కానీ జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో పెద్దపేగు పీహెచ్ పడిపోవచ్చు. అప్పుడు పాలిమర్ సరిగా కరగదు. పేగు బ్యాక్టీరియా విడగొట్టే పెక్టిన్ అనే పండ్ల జిగురునూ, మన గోరుచిక్కుడు గింజల జిగురునూ పరిశోధకులు పరీక్షిస్తున్నది ఇందుకే.

ఉద్యోగం మాట దాచకుండా చెబుతాను. ఒక్క సూదితో గంటకు గ్రాము పోగు తీయడమే కష్టం. కంపెనీల్లో పెద్దపేగు మందులు ఇప్పటికీ ఎక్కువగా పూత వేసిన మాత్రలు, గుళికలే. కాబట్టి ఎలక్ట్రోస్పిన్నింగ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఎం ఫార్మసీలో ఫార్మాస్యూటిక్స్ (మందును మాత్ర, గుళిక వంటి రూపాల్లోకి తెచ్చే శాస్త్రం) తీసుకుని పాలిమర్ పూతలు, మందు ఎంతసేపట్లో ఎంత కరిగి విడుదలవుతుందో చూసే డిసల్యూషన్ పరీక్ష బాగా నేర్చుకోమనండి. రెండు గంటలు ఆమ్లంలో, తర్వాత 6.8, ఆపైన 7.4 పీహెచ్‌లో ఉంచి, వేళ తప్పకుండా నమూనాలు తీసే ఆ ఓపికే హైదరాబాద్ మందుల కంపెనీల ఫార్ములేషన్ (మందు తయారీ రూపకల్పన) విభాగాల్లో అక్కరకొస్తుంది. పోగుకైనా మాత్రకైనా ఆ పరీక్ష తప్పదు.

వచ్చే ఏడాది ఎం ఫార్మసీకి రాసే జాతీయ అర్హత పరీక్ష జీప్యాట్ రాయించండి. అర్హత సాధించి ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) గుర్తింపున్న కళాశాలలో ఎం ఫార్మసీ చేరితే నెలకు రూ.12,400 ఉపకార వేతనం ఉంటుంది. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ ఫార్మసీ విద్యా పరిశోధన సంస్థ నైపర్‌లో చేరాలంటే దాని ప్రవేశపరీక్ష వేరే రాయాలి. పరిశోధనకు మన దగ్గర చోటు లేదనుకోకండి. 2021లో ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు, ఇంజెక్షన్‌గా ఇచ్చే ఆంఫోటెరిసిన్-బి అనే మందును నానో పోగులతో నోటి మాత్రగా రూపొందించారు.

పీహెచ్‌డీ నిర్ణయానికి తొందర లేదు. ముందు ఈ సెలవుల్లో ఎలక్ట్రోస్పిన్నింగ్ యంత్రమున్న ప్రయోగశాలలో ఒక నెల పని అడగమనండి. గాలిలో తేమ పెరిగిన రోజు పోగు పూసలు కడుతుంది, అతుక్కుపోతుంది, రోజంతా పడ్డ కష్టం వృథా అవుతుంది. ఆ సాయంత్రం కూడా కారణం వెతుకుతూ కూర్చుంటే, పీహెచ్‌డీకి మీరు అడ్డు చెప్పకండి.