కార్డు కంటే ముందు మానిటర్ తేల్చుకో

చి. వంశీకి మామయ్య ఆశీస్సులు.

కొత్త గేమింగ్ కంప్యూటర్‌కి నువ్వు పంపిన పార్టుల లిస్టు చూశాను. ప్రాసెసర్‌కీ రంగుల లైట్లకీ బోలెడు పెట్టి, గ్రాఫిక్స్ కార్డు దగ్గర చెయ్యి బిగబట్టావు. పార్టులన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌కి కంపెనీ పేరే రాయలేదు. గేమింగ్‌కి ఇది తలకిందుల వరస.

ముందు మానిటర్ తేల్చు. 1080పీ తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు, అంటే బొమ్మని కూర్చే చుక్కలు, ఉంటాయి, 1440పీలో 36.9 లక్షలు. కార్డు గీయాల్సింది దాదాపు 1.8 రెట్లవుతుంది. సెకనుకు 60 సార్లే బొమ్మ మార్చే పాత 60 హెర్ట్జ్ మానిటరే ఉంచుకునేట్టయితే పెద్ద కార్డు దండగ.

కార్డు పేరు చూసి మోసపోకు. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, రెండూ ఒకే పేరు మీద 8 జీబీ, 16 జీబీ మెమరీ రకాల్లో వస్తాయి. డబ్బు కట్టే ముందు పెట్టె మీద ఆ అంకె చదువు. కార్డు మెమరీ నిండితే మిగతా టెక్స్చర్లు (ఆటలో వస్తువుల మీద కనిపించే బొమ్మలు) మదర్‌బోర్డు ర్యామ్‌లోకి పోతాయి, అక్కణ్ణుంచి తెచ్చుకోవడం చాలా నిదానం. సగటు ఫ్రేములు బాగానే కనబడుతూ ఆట మధ్యలో టక్కుటక్కున ఆగుతుంటే చాలాసార్లు కారణం ఇదే. పైగా 5060 టీఐ బోర్డుతో మాట్లాడే దారుల్లో (లేన్లు) ఎనిమిదే వాడుతుంది కాబట్టి, ఆ దారులు నిదానంగా ఉండే పాత పీసీఐఈ 3.0 బోర్డులో ఈ ఇబ్బంది ఇంకా ముదురుతుంది. వాలరెంట్, సీఎస్2 లాంటి షూటింగ్ గేములు మాత్రమే ఆడతానంటే 8 జీబీ చాలు, అక్కడ ప్రాసెసర్‌కే ఎక్కువ పని. కొత్త పెద్ద గేములు కావాలంటే 16 జీబీదే తీసుకో.

దానికి రైజెన్ 5 7600 ప్రాసెసర్ సరిపోతుంది. 7500ఎఫ్‌లో సొంత డిస్‌ప్లే ఉండదు, కార్డు సర్వీసుకి వెళ్తే సిస్టమ్ మూలన పడుతుంది. ర్యామ్ డీడీఆర్5 6000, 16 జీబీవి రెండు. నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడు. బయాస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌పో అనే ర్యామ్ వేగం సెట్టింగు ఆన్ చెయ్యకపోతే ఆ 6000 వేగం రాదు. షాపువాళ్లు చాలామంది ఆ పని చెయ్యరు.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. 5060 టీఐకి 180 వాట్లు, ప్రాసెసర్‌కి గరిష్ఠంగా 88. పేరున్న కంపెనీ 650 వాట్లది నిశ్చింతగా మోస్తుంది. కేబినెట్‌తో ఉచితంగా ఇచ్చేది ఒప్పుకోకు. ఎస్‌ఎంపీఎస్ మీది 80 ప్లస్ ముద్ర కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుంది, అంతే. లోపల రక్షణ సర్క్యూట్లు ఉన్నాయో లేదో దాన్ని చూసి తెలియదు. మీ ఇంట్లో ఉన్న 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల లోపే మోస్తుంది. ఆట మధ్యలో కరెంటు పోతే, మానిటర్ కూడా కలిసి, అది చేతులెత్తేయొచ్చు. 1000 వీఏ పైది చూడు.

కేబినెట్ ముట్టుకుంటే సన్నగా షాక్ కొడితే ప్లగ్గులో ఎర్తింగ్ లేదని అర్థం. ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిగా లీకయ్యే కరెంటుకు భూమిలోకి దారి దొరకదు. పార్టులు మార్చి లాభం లేదు, ఎలక్ట్రీషియన్ని పిలవాలి.

సెకండ్‌హ్యాండ్ ఆర్‌ఎక్స్ 580 చవగ్గా వస్తోందన్నావు. 2022 సెప్టెంబరులో కార్డులతో చేసే ఇథీరియం (క్రిప్టో కరెన్సీ) మైనింగ్ ఆగాక అలా అరిగిన కార్డులు చాలా బయటికొచ్చాయి. ఆ పేరుతో 2048ఎస్‌పీ అనే తక్కువ రకం కూడా తిరుగుతోంది. అమ్మేవాడి ముందే కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ తెరిపించు. షేడర్లు (కార్డులో లెక్కలు చేసే యూనిట్లు) 2304 ఉండాలి, 2048 కనిపిస్తే లేచి వచ్చెయ్.

బిగించాక మానిటర్ కేబుల్ కార్డుకే తగిలించు, మదర్‌బోర్డుకి కాదు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు నువ్వే పెంచు, 144 హెర్ట్జ్ మానిటర్ కొని నెలల తరబడి 60లో ఆడుతున్నవాళ్లు కోకొల్లలు. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూడు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రెండు మూడు షాపుల్లో రేటు అడుగు. ఒక్కో పార్టు సీరియల్ నంబరు బిల్లు మీద రాయించు, వారంటీకి అదే ఆధారం. సరిచేసిన లిస్టు ఆదివారం లోపు పంపు, ఎస్‌ఎంపీఎస్ మోడల్ నంబరుతో సహా.

మామయ్య