హిలో రేవు కార్మిక నేత హ్యారీ కమోకు

ప్రశ్న: హవాయి దీవుల్లో చైనా, హవాయి సంతతులు రెండింటికీ చెందిన హ్యారీ కమోకు అనే రేవు కార్మికుడు అన్ని జాతులవారినీ ఒకే యూనియన్‌లోకి తెచ్చారని విన్నాను. ఆయన మిశ్రమ వంశమే అందుకు కారణమా? — ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆయన పుట్టుక కొంత తోడ్పడి ఉండవచ్చు గాని, దాన్నే కారణమనడం ఆయన పడిన శ్రమను తక్కువ చేసినట్లవుతుంది. హవాయిలో అటువంటి మిశ్రమ కుటుంబాలు చాలానే ఉండేవి. అన్ని జాతులవారినీ కలిపిన యూనియన్ మాత్రం లేదు.

చెరకు తోటలనూ, ఓడరవాణానూ గుప్పిట్లో పెట్టుకున్న ‘బిగ్ ఫైవ్’ కంపెనీలు ఒక జాతివారు సమ్మె చేస్తే మరొక జాతివారిని పనిలోకి దించేవి. 1909లో జపాన్ కూలీలు ఒంటరిగా సమ్మెకు దిగి నలిగిపోయారు. 1924లో ఫిలిప్పీన్స్ కూలీల వంతు వచ్చింది. కవాయి దీవిలోని హనపేపే వద్ద 16 మంది కూలీలు, నలుగురు పోలీసులు మరణించారు. 1935 నవంబరు 22న కమోకు, సుమారు 30 మంది యువ కార్మికులు కలిసి హిలో రేవులో సంఘం పెట్టినప్పుడు, జాతి ఏదైనా సభ్యత్వం ఒక్కటేనన్న నియమాన్ని పునాదిగా వేసుకున్నారు. నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద పని ఇదే.

దానికి పరీక్ష 1938 ఆగస్టు 1న ఎదురైంది. అమెరికా పడమటి తీరంతో సమానమైన వేతనం కోసం ఓడ కార్మికులు సమ్మెలో ఉండగా, కంపెనీ ‘వైయాలెయాలె’ అనే ఓడను హిలోకు పంపింది. దాన్ని నిరసిస్తూ రెండు వందలమందికి పైగా స్త్రీపురుషులు, అనేక జాతులవారు, చేతిలో ఆయుధమన్నది లేకుండా రేవుకు నడిచి వెళ్లారు. బాష్పవాయువు వదిలినా, గొట్టాలతో నీళ్లు చిమ్మినా వెనక్కి తగ్గక రేవులోనే కూర్చున్నారు. పోలీసులు బాయొనెట్లతో (తుపాకీ కొనకు బిగించే కత్తులతో) పొడిచి, తుపాకులు పేల్చారు. దాదాపు 50 మంది గాయపడ్డారు. ప్రాణనష్టం జరగకపోవడం అదృష్టమే. ఇంత జరిగినా గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలో లేదో తేల్చే పౌరుల బృందం) ఎవరిమీదా అభియోగం మోపకపోవడం ఘోరమైన అన్యాయం.

అయినా సంఘం చీలలేదు. వేతన సమానత్వం కోరికా చావలేదు: పడమటి తీరంలో గంటకు 1.82 డాలర్లు వచ్చే పనికి తమకు 1.40 డాలర్లే ఎందుకని నిలదీస్తూ, 1949లో హవాయి రేవు కార్మికులు 177 రోజులు సమ్మె చేసి వేతనం పెంచుకున్నారు.